తీపి పెడితే చెయ్యి లేవదు

స్టవ్ మీద చారు ఉడుకుతూనే ఉంది. దాన్ని కట్టేయాలని ఎవరికీ తోచలేదు. వంటగది నేల మీద ముగ్గురూ బోర్లా పడి ఉన్నారు. చేతులు తల వెనక పెట్టుకోమన్నారు, పెట్టుకున్నారు. బీచిన్ బుగ్గ కింద నేల చల్లగా, జిగటగా ఉంది. కంటికి జానెడు దూరంలో నల్ల బూటు ఒకటి. దాని లేసు ఊడి వేలాడుతోంది. ఆ లేసు తొక్కుకుని వాడు తూలిపడతాడేమోనని ఆమెకి భయం వేసింది. పడితే కోపం వస్తుంది, కోపం వస్తే కొడతాడు. ఇంత జరుగుతుంటే మనసు పోయి పోయి ఆ లేసు దగ్గర ఎందుకు ఆగిందో ఆమెకి అర్థం కాలేదు. చూడవలసిన వాటిని చూడలేనప్పుడు కన్ను ఇలాంటి వాటినే పట్టుకుంటుంది కాబోలు.

వచ్చినవాళ్లు ఇద్దరు. బూట్లవాడి చేతిలో కత్తి, ఎర్రటోపీవాడి చేతిలో ఇనపకడ్డీ. ఇద్దరూ ముక్కుల మీదుగా రుమాళ్లు కట్టుకున్నారు. చెత్త పారేద్దామని షుయ్‌మింగ్ వెనక తలుపు తీశాడు. ఆ తలుపులోంచే వాళ్లు వచ్చారు.

మంగళవారం కాబట్టి దుకాణానికి, వాళ్లు పనిచేసే చైనా హోటలుకి, సెలవు. తొమ్మిదిమంది ఉండే ఇంట్లో ఆ పూట ముగ్గురే మిగిలారు. మిగతా ఆరుగురినీ కే అనే ఓనరు తెల్లవారుజామునే వ్యానులో ఎక్కించుకుని సరుకుల గోడౌనుకి తీసుకెళ్లాడు. షుయ్‌మింగ్ వేపుడు పొయ్యి దగ్గర పని చేస్తాడు. శనివారం నూనె పడి మోచెయ్యి కాలింది కాబట్టి ఉండిపోయాడు. బట్టలుతికే వంతు బీచిన్‌ది. పెద్ద వంటవాడు వెంగ్, అందరూ పెదనాన్న అని పిలిచే ఆయన, ఎప్పుడూ మంగళవారం కదలడు. ఆ ఒక్కరోజే ఆయన తమ కోసం వండుతాడు.

"మనీ!" అన్నాడు బూట్లవాడు.

ఆ మాట ముగ్గురికీ తెలుసు. షుయ్‌మింగ్ ఎడమ బూటు విప్పి, అట్ట కింద మడిచి పెట్టుకున్న నోట్లు తీసి ఇచ్చాడు. అతని జీతం నెలకి పద్ధెనిమిది వందల డాలర్లు. ఊరంతటికీ తెలిసిన సంగతే: చైనా హోటల్లో పనిచేసేవాళ్లు బ్యాంకుకి వెళ్లరు, పోలీసు దగ్గరికీ వెళ్లరు. ఎర్రటోపీవాడు మేడ మీదికి వెళ్లాడు. పరుపులు చీరుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి కిందికి దిగి, ఇంతేనా అన్నట్టు ఏదో అరిచి, షుయ్‌మింగ్ డొక్కలో కడ్డీతో కొట్టాడు. సెలెరీ కాడ విరిచినట్టు చిన్న చప్పుడు వచ్చింది. షుయ్‌మింగ్ అరవలేదు. నోట్లోకి గాలి పోనట్టు చేపలా పెదవులు మాత్రం ఆడించాడు. రెండోసారి కొట్టాడు. మూడోసారి ఎత్తాడు.

అప్పుడు వెంగ్ పెదనాన్న లేచి నిలబడ్డాడు.

"పెదనాన్నా, పడుకో! చస్తావ్!" అంది బీచిన్, నేలలోకి మాట్లాడుతున్నట్టు.

"నువ్వూరుకోవే. ముప్పై నాలుగేళ్లుగా ఈ దేశంలో వీళ్లకే వండి పెడుతున్నా. వీళ్ల సంగతి నాకు తెలుసు."

ఆయన చేతులు రెండూ పైకెత్తి, అరచేతులు చూపిస్తూ, నవ్వుతూ, అడుగులో అడుగు వేసుకుంటూ స్టవ్ దగ్గరికి నడిచాడు. ఆ నవ్వు బీచిన్‌కి తెలుసు. దుకాణంలో కూర బాలేదని ఎవరైనా డబ్బా తెచ్చి కౌంటరు మీద విసిరికొట్టినప్పుడు వంటగది కిటికీలోంచి ఆయన నవ్వే నవ్వు అదే. గరిటె తీసుకున్నాడు. గిన్నెలో చారు పోశాడు. నాలుగు చేప ఉండలు వేశాడు. పైన ఉల్లికాడ తురుము కూడా చల్లాడు. ఆ చల్లడం చూసి బీచిన్‌కి ఏడుపొచ్చింది.

వెంగ్ ఇరవై ఏడో ఏట న్యూయార్కు రేవులో ఓడ దిగి మళ్లీ ఎక్కలేదు. మొదట పనిచేసిన చోట పెద్ద వంటవాడు చైనాలోని తైషాన్ నుంచి వచ్చిన ముసలాయన. అప్పట్లో అంతా చాప్ సూయే: మొలకలు, సెలెరీ, నాలుగు పంది ముక్కలు, పైన గోధుమరంగు రసం. ముసలాయన తాతని ఏదో కొండల్లో గనుల ఊరి నుంచి తెల్లవాళ్లు మంచులోకి తరిమేశారట. గుడిసెలు తగలబెట్టారు. లోపల పడుకున్నవాళ్లు లోపలే కాలిపోయారు. ముప్పై ఏళ్ల తర్వాత, తగలబెట్టినవాళ్ల కొడుకులే పెళ్లాలతో వచ్చి, అదే ఊళ్లో బల్లల ముందు కూర్చుని, ఫోర్కులతో చాప్ సూయే తిన్నారు. అప్పుడు మనవాళ్లొకటి నేర్చుకున్నారని ముసలాయన చెప్పేవాడట: తీపి పెడితే చెయ్యి లేవదు.

అక్కడి నుంచి వెంగ్ చూసిందంతా ఆ తీపి పెరగడమే. చాప్ సూయే పాతబడిపోయింది. జనం కారం అడిగారు. అదే రసంలో రెండు ఎండుమిరపకాయలు వేసి కొత్త పేరు పెట్టారు. ఆ తర్వాత ఎముక తీసేశారు. ఎముక కనిపిస్తే తినేవాళ్లకి చచ్చిన కోడి గుర్తొస్తుందట. తల తీసేశారు, చర్మం తీసేశారు, చేప కన్ను తీసేశారు. చివరికి పిండిలో ముంచి వేయించి, చక్కెర పాకంలో పొర్లించి, ఎర్రగా మెరిసే కోడిముక్కలు మిగిల్చారు. ఇప్పుడు దుకాణంలో వచ్చే పది ఆర్డర్లలో ఆరు అవే. వారానికి వంద పౌండ్ల చక్కెర ఖర్చు.

మొదటిరోజు ఆ ముక్కల్ని చూసి బీచిన్ అడిగింది: "ఈ కోడికేం జబ్బు పెదనాన్నా, ఇంత ఎర్రగా ఉంది?"

"మన జబ్బేనే," అన్నాడు ఆయన చక్కెర కలుపుతూ. "భయం."

వంటగదంతా నవ్వింది. ఆవేళ ఆమె కూడా నవ్వింది.

బూట్లవాడు గిన్నె వంక చూశాడు. ఎర్రటోపీవాడు ఏదో ఎగతాళిగా అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుతో గదిలో ఏదో కాస్త వదులైంది. బీచిన్ దాన్ని తన భుజాల్లో తెలుసుకుంది. నిజమేనేమో, ఆ తైషాన్ ముసలాయన చెప్పింది నిజమేనేమో. బూట్లవాడు రుమాలు గడ్డం కిందికి లాగాడు. పాతికేళ్లు కూడా ఉండవు. పెదవి మీద పగుళ్లు. ఆకలి మీద ఉన్నట్టే ఉన్నాడు. కత్తి ఎడమచేతిలోకి మార్చుకుని, గిన్నె అందుకుని, గుక్కెడు చారుతో ఒక చేప ఉండని మొత్తంగా నోట్లో వేసుకున్నాడు.

బీచిన్ వాళ్ల ఊళ్లో మూడేళ్ల పిల్లకైనా తెలుసు, చేప ఉండని అలా తినకూడదు. పైన మెత్తగా దంచిన చేప, లోపల పందిమాంసం ముద్ద, ఆ ముద్ద చుట్టూ సలసల కాగే రసం. పైన చల్లారినా లోపల చల్లారదు. ముందు పంటితో చిన్న కన్నం పెట్టాలి, ఊదాలి, రసం పీల్చాలి, ఆ తర్వాతే కొరకాలి. వెంగ్ ఆ సంగతి మరిచిపోయాడు. ముప్పై నాలుగేళ్లుగా ఆయన వీళ్లకి పెట్టిన వంటలో లోపల ఏదో దాచుకున్న వంట ఒక్కటీ లేదు.

బీచిన్ మరిచిపోలేదు. వాడి దవడ కదలకముందు ఒక క్షణం ఉంది. 'హాట్' అన్న మాట ఆమెకి వచ్చు. దుకాణంలో ఫోను మీద ఆర్డర్లు రాసుకుంటూ రోజూ అనే మాటే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె అనలేదు.

వాడు కొరికాడు.

వాడి కేక మనిషి కేకలా లేదు. గిన్నె గోడకి తగిలి పగిలింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వంగిపోయాడు, ఉమ్మాడు, ఎర్రబారిన కళ్లతో పైకి చూశాడు. ఆ చూపులో నొప్పికంటే ఎక్కువగా అవమానం కనిపించింది. ముసలివాడు నవ్వుతూ పెట్టి మోసం చేశాడు! వెంగ్ ఇంకా చేతులెత్తి, "సారీ, సారీ," అంటూనే ఉన్నాడు. కత్తి పక్కటెముకల కింద ఒకసారి దిగింది. పైకొచ్చి, ఇంకాస్త కిందికి మరోసారి దిగింది. ఎర్రటోపీవాడు కడ్డీతో స్టవ్ మీది చారు గిన్నెని ఒక్క తోపు తోశాడు. కాగుతున్న చారంతా పెదనాన్న తొడల మీద పడింది. అప్పటిదాకా అరవని మనిషి అప్పుడు అరిచాడు.

వెనక తలుపు దడాలున కొట్టుకుంది. వాళ్లు వెళ్లిపోయారు.

నేల మీద చేప ఉండలు దొర్లుతున్నాయి. చారులో నెత్తురు కలిసి, దుకాణంలో పాకం ఉంటుందే, అచ్చం అదే రంగుకి వచ్చింది.

బియ్యం బస్తా వెనక బీచిన్ ఫోను ఉంది. మేడ మీద తొమ్మిదిమందికీ ప్లగ్గులు చాలక అక్కడ ఛార్జింగు పెట్టుకుంది. అందుకే వాళ్లకి దొరకలేదు.

"ఓనరుకి చెయ్యి," అన్నాడు షుయ్‌మింగ్, ఊపిరి ముక్కలుముక్కలుగా తీస్తూ. "ఓనరుకే చెయ్యి."

నొక్కకూడదని ఓనరు చెప్పిన మూడంకెల ఎమర్జెన్సీ నంబరునే ఆమె నొక్కింది. ఆడగొంతు పలికింది. ఏదో అడిగింది.

"మ్యాన్. బ్లడ్. ప్లీజ్."

అడ్రసు ఏమిటి, అని అడిగింది ఆ గొంతు. ఆ మాట బీచిన్‌కి బాగా తెలుసు. రోజుకి నలభైసార్లు తను అడిగే మాట, తనని అడిగే మాట. నోరు దానంతటదే తెరుచుకుంది. వెస్ట్ మెయిన్ స్ట్రీట్, ఎనిమిది వందల పన్నెండు, పెట్రోలు బంకు పక్కన. ఒక్క తడబాటు లేకుండా పాటలా అప్పజెప్పింది. అవతలి గొంతు, వస్తున్నారు, అంది.

బీచిన్ తువ్వాలు తెచ్చి గాయం మీద పెట్టి నొక్కింది. పెదనాన్న మొహం బియ్యప్పిండి రంగులో ఉంది. దూరంగా సైరను వినిపించింది. దగ్గరకొచ్చింది. మరీ దగ్గరకొచ్చింది. వీధి చివర పెద్ద రోడ్డు మీద అలాగే సాగిపోయి, పల్చబడి, చిన్నదై, ఊరి ఆ చివర వైపు మాయమైంది.

అప్పుడు ఆమెకి అర్థమైంది, తను చెప్పింది దుకాణం అడ్రసు అని. మంగళవారం, షట్టరు వేసి ఉన్న దుకాణం. వ్యానులో పావుగంట దూరం.

"షాప్ నో!" అంది ఫోన్లో. "హౌస్! హౌస్!"

ఏ ఇల్లు? ఏ వీధి?

ఆమెకి తెలియదు.

ఈ ఇంట్లో ఏడు నెలల నుంచి ఉంటోంది. న్యూయార్కులో వంతెన కింద పనులు ఇప్పించే ఏజెన్సీ గోడ మీద కాయితం ముక్కలో ఉన్నదే ఆమెకి తెలుసు: 740, బస్సులో పదకొండు గంటలు, ఫోను పని, నెలకి పదిహేను వందలు, తిండీ బసా ఓనరువే. ఆ 740 అక్కడి ఫోను నంబర్లకి ముందొచ్చే అంకెలు. మనవాళ్లు ఊళ్లకి పేర్లు పెట్టుకోరు, అవే చెప్పుకుంటారు. ఎక్కడున్నావే అని అమ్మ అడిగితే, ఏడు నాలుగు సున్నాలో ఉన్నానమ్మా, అని చెప్పింది. తెల్లవారకముందు పెట్రోలు బంకు దగ్గర బస్సు దిగింది, కే వ్యాను ఎక్కింది. ఆ రోజు నుంచీ ఇంటి నుంచి దుకాణానికి వ్యానే, దుకాణం నుంచి ఇంటికీ వ్యానే. కిటికీలకి కే పాత మెనూ కాయితాలు అంటించాడు, బయటివాళ్లకి లోపల కనపడకుండా. మూల కిటికీకి అంటించినవి ఇంతకుముందు ఓనరు కాలంనాటివి. వాటిలో చాప్ సూయే ఒక డాలరు ముప్పై ఐదు సెంట్లు. గుమ్మం పక్కన ఇంటి నంబరు పలక ఉండే చోట రెండు మేకు కన్నాలు మాత్రం ఉన్నాయి.

లైను తెగిపోయింది. వెంటనే ఫోను మోగింది. కే.

"ఎవరికి చేశావ్? లైను బిజీ వస్తోంది."

"పెదనాన్నని పొడిచేశారన్నా. దొంగలు. ఇంటి అడ్రసు చెప్పన్నా, ఆంబులెన్సుకి చెప్పాలి."

అవతల వ్యాను ఇంజను చప్పుడు పెరిగింది.

"ఆ నంబరు నొక్కొద్దని మొదటిరోజే చెప్పానా, లేదా?"

"చెప్పావన్నా."

"మరి?"

"నెత్తురు ఆగట్లేదన్నా!"

"గుడ్డ పెట్టి గట్టిగా నొక్కు. షుయ్‌మింగుని నేల కడిగేయమను. ఇరవై నిమిషాల్లో అక్కడుంటా. న్యూయార్కులో మన ఊరి డాక్టరున్నాడు. నేనే తీసుకెళ్తా."

"పదకొండు గంటలన్నా! పదకొండు గంటలు ఉంటాడా?"

"నన్ను పొడవలేదా?" అన్నాడు కే, గొంతు పెంచకుండా. "మెమ్ఫిస్‌లో. డెలివరీకి పోతే ఖాళీ ఇంటి ముందు ముగ్గురు కాచుకుని ఉన్నారు. పేగు కనపడింది. ఎవరికైనా చెప్పానా? నాకు నేనే గుడ్డ చుట్టుకున్నా. మర్నాడు పదకొండింటికి షట్టరు తీశా. ఒక్క పోలీసు గడప తొక్కితే తొమ్మిదిమంది పోతారు, చెల్లీ. పెదనాన్న కాదు, తొమ్మిదిమంది. ఏడ్చేది తర్వాత ఏడువు. ముందు కడగండి."

అతను అబద్ధం చెప్పడం లేదు. అదే కష్టం. అతని పొట్ట మీద ఆ మచ్చ అందరూ చూసిందే. ఆ మచ్చ మీదే అతను దుకాణం కట్టాడు. నొప్పిని మింగినవాడికి, ఎదుటివాడు మింగకపోతే తన మింగుడంతా వృథా అయిపోయినట్టు కోపం వస్తుంది.

షుయ్‌మింగ్ అప్పటికే మోకాళ్ల మీద ఉన్నాడు. విరిగిన డొక్కని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గుడ్డ పిండుతూ నేల తుడుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావన్నా?"

"తుడవమన్నాడుగా."

"నీకు డొక్క విరిగింది!"

"తెలుసు," అన్నాడు తుడుస్తూనే. "తుడుస్తుంటే తెలీట్లేదు."

పెదనాన్న పెదవులు కదిలాయి. బీచిన్ వంగింది.

"ఊదుకుని తినమని... చెప్పలేదే వాడికి," అన్నాడాయన. "నాదే తప్పు."

"నీది కాదు పెదనాన్నా."

"ఆకలిమీదున్నాడు. నోరు కాలిపోయింది పాపం."

అప్పుడు ఆమెకి పట్టరాని కోపం వచ్చింది. ఈ ముసలాయన మీద, ఆయన నవ్వు మీద, కడుపులో కత్తి దిగినా వదలనంటున్న ఆ తీపి మీద. ఆ కోపం అడుగున ఇంకొకటి ఉంది. చెప్పకపోతే అది ఎప్పటికీ తనలోనే ఉడుకుతుందని భయం వేసింది. "నాకా మాట వచ్చు పెదనాన్నా," అంది ఆయన చెవిలో. "నాకు వచ్చు. కాలాలనే అనలేదు. వాడు కాలాలనుకున్నా."

ఆయన కళ్లు ఆమె వైపు తిరిగాయి. విన్నాడో లేదో తెలియలేదు.

ఆమె షుయ్‌మింగ్ చేతిలో గుడ్డ లాక్కుని అవతల పారేసింది. అతని అరచెయ్యి పట్టుకుని తువ్వాలు మీద పెట్టింది. "తుడిచింది చాలు. ఇక్కడ నొక్కు. చెయ్యి తీశావంటే చంపేస్తా." ఫోను తీసుకుని, ఏడు నెలల్లో మొదటిసారి, ముందు తలుపు తీసింది.

వెలుతురు కొట్టినట్టయింది. గడ్డి, కంచె, అవతల తెల్ల ఇల్లు. వీధిలో మనిషి లేడు. ఏటో ఒకవైపు పరిగెత్తబోయింది. అప్పుడే ఆ తెల్ల ఇంట్లోంచి కుక్క మొరిగింది.

మూడు మొరుగులు, ఒక దగ్గు. మళ్లీ మూడు మొరుగులు, ఒక దగ్గు.

బీచిన్ ఆగిపోయింది. ఆ కుక్క ఆమెకి తెలుసు. గోడవతల నుంచి రోజూ నిద్ర చెడగొట్టే కుక్క ఇదే. ఇంకో కుక్క కూడా తెలుసు. ప్రతి శుక్రవారం ఐదున్నరకి ఫోన్లో ఒక ముసలామె గొంతు వెనక మొరిగి దగ్గే కుక్క. ఎగ్ ఫూ యంగ్, గుడ్డట్టు మీద రసం పోయకుండా విడిగా కట్టాలి, రెండు కుకీలు ఎక్కువ వెయ్యాలి. ఏడు నెలలుగా ఆ రెండు కుక్కలూ ఆమె తలలో వేర్వేరు గదుల్లో ఉన్నాయి. ఒకటి పనిలో, ఒకటి నిద్రలో. ఆ రెండు గదుల మధ్య తలుపు ఉందని ఆమెకి ఎన్నడూ తోచలేదు. ప్రతి శుక్రవారం ఆ చీటీ రాసి కే చేతికి ఇచ్చేది. కే దాన్ని చదివి, జేబులో పెట్టుకుని, సంచి తీసుకుని వెళ్లేవాడు. ఇది మన పక్కిల్లేనే అని ఒక్కనాడూ అనలేదు.

ఊళ్లో నాలుగు వందల ఇళ్ల అడ్రసులు ఆమెకి కంఠతా వచ్చు. కూర వెళ్లని ఇల్లు ఒక్కటే, తనది.

తెల్ల ఇంటి తలుపు కొట్టింది. జాలీ వెనక ముసలామె కనిపించింది. మోచేతుల దాకా నెత్తురుతో ఉన్న బీచిన్‌ని చూసి వెనక్కి అడుగేసింది. "వెళ్లిపో! పోలీసుల్ని పిలుస్తా!" అంది.

గొంతు అదే. బీచిన్ నోట్లోంచి, ఏడుపు మధ్యలోంచి, రోజుకి నలభైసార్లు పాడే ఆ పాటే వచ్చింది:

"హలో, పికప్పా, డెలివరీయా?"

ముసలామె చెయ్యి గొళ్లెం మీదే ఆగిపోయింది. మొహంలో భయం పోలేదు. దాని పక్కనే ఇంకేదో మెల్లగా లేచి కూర్చుంది.

"ఎగ్ ఫూ యంగ్," అంది నిద్రలో మాట్లాడుతున్నట్టు.

"గ్రేవీ విడిగా," అంది బీచిన్. "రెండు కుకీలు."

"నువ్వా తల్లీ!"

బీచిన్ ఆ ఎమర్జెన్సీ నంబరు మళ్లీ నొక్కి ఫోన్లోకి అరిచింది: విలో స్ట్రీట్, నాలుగు వందల పద్ధెనిమిది. అని, తన ఇంటి వైపు వేలు చూపించింది. పక్కిల్లు అన్న మాట ఆమెకి రాదు. ముసలామె జాలీ తలుపు తీసి, వేలు చూపించిన వైపు చూసి, ఫోను ఆమె చేతిలోంచి తీసుకుని తనే మాట్లాడటం మొదలుపెట్టింది. బీచిన్ వెనక్కి పరిగెత్తింది.

సైరనుకంటే ముందు వ్యాను వచ్చింది.

కే వంటగది గుమ్మంలో నిలబడి నేల చూశాడు, పెదనాన్నని చూశాడు. షుయ్‌మింగ్ చేతి కింది తువ్వాలు నల్లబడిపోయి ఉంది. బీచిన్ ఇంకోటి తెచ్చి, అతని చెయ్యి తప్పించి, తన రెండు చేతులతో, తన బరువంతా వేసి నొక్కింది. పెదనాన్న ఊపిరి ఉందనిపిస్తోంది, లేదనిపిస్తోంది.

"పిలిచావా?" అన్నాడు కే.

"పిలిచా."

"అడ్రసు?"

"శుక్రవారం చీటీ అన్నా. నేనే రాస్తాగా."

కే మొహం ఒక్కసారి కొట్టినట్టు పక్కకి తిరిగింది. తర్వాత గబగబా మాట్లాడాడు. "సరే, అయిందేదో అయింది. ఈ దేశంలో ఉండటానికి ఆయనకి పేపర్లున్నాయ్, ఆయన్నెవరూ ఏం చెయ్యరు. ఆసుపత్రికి వాళ్లే తీసుకెళ్తారు. మనకే లేవు. ఎక్కండి. షుయ్‌మింగ్, ముందు నువ్వు. చెల్లీ, లే."

షుయ్‌మింగ్ గోడ పట్టుకుని లేచి బయటికి నడిచాడు. తెరిచి ఉన్న వెనక తలుపులోంచి వ్యాను కనిపిస్తోంది. లోపల ఆరు మొహాలు, ఒకదాని మీద ఒకటి.

"చెయ్యి తీస్తే పోతాడన్నా."

"వాళ్లు వచ్చేస్తున్నారే! రెండు నిమిషాలు!"

"రెండు నిమిషాలూ కావాలి."

"పట్టుకుపోతారు నిన్ను. తెలుసా? నీ ఏడు నెలలూ, నువ్వు వచ్చిన దారీ, అన్నీ పోతాయ్. ఎవరడిగారు నిన్ను? ఈయన నీకేమవుతాడు?" అతను వంగి ఆమె జబ్బ పట్టుకుని లాగాడు. ఆమె చేతులు తువ్వాలు మీంచి జారాయి. వేళ్ల సందుల్లోంచి వెచ్చగా పొంగింది. ఆమె తల తిప్పి అతని మణికట్టు కొరికింది. ఎముకకి పన్ను తగిలేదాకా కొరికింది. కే అరిచి వదిలేశాడు. నెత్తురు కారుతున్న చెయ్యి పట్టుకుని, ఆమెని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

ఆమె అప్పటికే మళ్లీ నొక్కుతోంది.

"నేను రాను," అంది.

ఆ మాట ఎవరో వెనక నుంచి అన్నట్టు ఆమెకే వినిపించింది. ఈ దేశం వచ్చాక తన భాషలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఓకే, సారీ, థాంక్యూ, ఇరవై నిమిషాలు. అవే అంది.

కే వెనక్కి తిరిగి బయటికి వెళ్లాడు. ఇంజను మోగింది. పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. మూడు మొరుగులు, ఒక దగ్గు. వాటి వెనకాల, ఈసారి పల్చబడకుండా, సైరను.

"తలుపు వెయ్యరా!" అని కే అరుస్తున్నాడు. "షుయ్‌మింగ్! లోపలికి లాగు కాలు!"

బీచిన్ తల ఎత్తలేదు. ఎత్తకుండానే గుమ్మంలోంచి ఆమెకి కనిపిస్తోంది. వ్యాను మెట్టు మీద షుయ్‌మింగ్ ఒక కాలు, బూటు లేని ఎడమకాలు. రెండోది ఇంకా గడ్డిలోనే ఉంది. తలుపు జారుకుంటూ వచ్చి ఆ మెట్టు మీది కాలికి తగిలింది. మళ్లీ తగిలింది. ఆ కాలు లోపలికి పోలేదు, కిందికీ దిగలేదు.